ఉచ్చీరమ్మ మీద పడిన నింద

"ఇది సోమవారం వచ్చిన మెయిల్. సోమవారమే తెరిచినారు. ఈ పొద్దు గురువారం. నాకెందుకు చెప్పలేదు?"

స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చిన లోకేష్ గడప దగ్గరే ఆగిపోయాడు. భార్య ఉమాదేవి మంచం అంచున కూర్చుని ఉంది. ఆమె చేతిలో అతని ఫోన్ ఉంది.

"నా ఫోన్ ఎందుకు తీసినావు?"

"పోలీసులకి ఇచ్చేదానికి మామ ఖాతా కాగితాలు కావాలని నిన్న బ్యాంకులో అన్నారు గదా. మెయిల్‌లో ఉంటాయేమో అని చూసినా. యాడా లేవు. చెత్తబుట్టలో ఇది కనపడింది."

మెయిల్‌ని పారేశాడు గానీ చెత్తబుట్ట ఖాళీ చేయడం మరిచిపోయాడు. లోకేష్ ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. ఆదివారాలు ఊళ్ళు తిరిగి, పొదుపు సంఘాల ఆడవాళ్ళకు ఫోన్ మోసాల గురించి చెబుతాడు. అందుకు రెండు శాలువాలు కూడా కప్పించుకున్నాడు. అంతటి పెద్దమనిషికి తన తప్పు దాచుకోవడం కూడా సరిగ్గా చేతకాలేదు.

"మోసపు మెయిల్ అని తెలిసి పారేసినా" అన్నాడు, తువ్వాలు భుజాన వేసుకుంటూ.

"తెలిసింది ముందా, వెనకా?"

అతను చొక్కా కోసం కొక్కెం వైపు నడిచాడు.

"లింకు నొక్కినారా?"

"ఉమా, కాలేజీకి టైమవుతాంది."

"నొక్కినారా, లేదా?"

"నొక్కినా."

ఆ ఒక్క మాట చెప్పడానికి అతనికి మూడు రోజులు పట్టింది.

సోమవారం మధ్యాహ్నం అతని తండ్రి హుసేనప్ప ఖాతాలోంచి రెండు లక్షల పైచిలుకు పోయింది. హుసేనప్ప సొంత సొమ్మయితే ఇంట్లోవాళ్ళు ఏడ్చి ఊరుకునేవాళ్ళు. అది గుంటూరు వైపు మిరప రైతులు పంపిన అడ్వాన్సు. కోసిగి దగ్గర తమ ఊరి నుంచి ఏటా సుగ్గికి, అంటే మిరపకాయలు కోసే వలస పనికి, పోయే ఇరవై రెండు మందిది. ఆ ముఠాకు హుసేనప్ప మేస్త్రీ.

ఖాతాకు జత చేసిన నంబరున్న ఫోన్ మాత్రం తల్లి ఉచ్చీరమ్మ దగ్గర ఉంటుంది. సుగ్గికి పోయేవాళ్ళు బ్యాంకు నంబరున్న ఫోన్‌ని మిరపచేలల్లో పోగొట్టుకుంటామని ఇంట్లో ముసలివాళ్ళకు అప్పగించి పోతారు. మేస్త్రీ ఇంట్లో అదే ఏడాది పొడుగునా అలవాటైంది. సోమవారం ఆ ఫోన్‌కి ఓటీపీ, అదే ఆరంకెల నంబరు, వచ్చింది. ఎవరో బ్యాంకు నుంచి అంటే చెప్పేశానని ఉచ్చీరమ్మే ఒప్పుకుంది. ఆ సాయంత్రం నుంచి ఊరంతా ఆమెను తిడుతూనే ఉంది.

ఉమాదేవి మెయిల్‌ని మళ్ళీ చదివింది. "'మీ ఖాతా ఇరవై నాలుగు గంటల్లో ఆగిపోతుంది. వెంటనే వివరాలు సరిచూసుకోండి.' ఇది మామ ఖాతా గురించి. మీకెందుకు వచ్చింది?"

"ఇంట్లో ఎవరికీ మెయిల్ లేదు గదా. ఖాతా తెరిచినప్పుడు నాదే ఇచ్చినా."

"ఇట్లాంటివి నమ్మొద్దని ఊరూరా చెప్పేది మీరే గదా?"

లోకేష్ మంచం మీద ఆమెకు దూరంగా కూర్చున్నాడు. "ఆ పొద్దున నాయన ఫోన్ చేసినాడు. దీపాలు పెట్టేలోపల అందరికీ అడ్వాన్సు ఇచ్చేయాల, రేపు మంగళవారం, ఇంట్లోంచి దుడ్డు బయటికి పోగూడదు అన్యాడు. బుధవారం తెల్లవారుజామున బండి. రెండో పీరియడ్ అయిపోయినాక చూస్తే ఈ మెయిల్. ఖాతా ఆగిపోతే అందరి ప్రయాణం ఆగిపోతాదనుకున్నా. ఆలోచించల్యా."

మంగళవారం అడ్డం రాకపోయి ఉంటే ఇంకో పూట ఆగేవాడేమో. పంపినవాడి అడ్రసు చూసుకునేవాడేమో. మూడు రోజులుగా ఈ 'ఏమో'లతోనే అతను తనకు తాను సర్దిచెప్పుకుంటున్నాడు. దొంగకి మన వారాలతో ఏం పని? తొందరపడేవాడు ఒకడు దొరికితే వాడికి చాలు.

"లింకు నొక్కితే మన బ్యాంకు యాప్ మాదిరే పేజీ వచ్చింది. కార్డు నంబరు, పాస్‌వర్డు అన్నీ కొట్టినా."

ఉమాదేవి వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "ఆరంకెల నంబరు మీకు రాదు. అత్త ఫోన్‌కి వస్తాది. మరి మీకెట్ల తెలిసింది?"

వీధిలో ఉగ్గాని టిఫిన్ బండివాడు కేక వేసుకుంటూ పోయాడు. లోకేష్ భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో మడిచి పెట్టుకున్నాడు.

"అమ్మకి ఫోన్ చేసినా."

"అంటే అత్త నంబరు చెప్పింది బ్యాంకోనికి కాదు. మీకు."

అతను తల దించుకున్నాడు.

"నిన్న ఆదోని బ్యాంకులో నేనూ ఉన్నా" అంది ఉమాదేవి. "ఆ బ్యాంకాయన అందరి ముందర 'చదువు రానోళ్ళ చేతికి ఫోన్లెందుకు ఇస్తారయ్యా' అంటే లైన్లో ఉన్నోళ్ళంతా తిరిగి చూసినారు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. మీరేమన్నారు? 'అవును సార్, ఇంక ఇయ్యం సార్' అన్నారు."

లోకేష్‌కి తల కొట్టేసినట్టయింది. నిన్న అదే మాట అన్నప్పుడు ఇంత సిగ్గు వేయలేదు. ఇప్పుడు పెళ్ళాం నోటి నుంచి తన మాట తనే వింటుంటే నేల చీలి లోపలికి పోవాలనిపించింది.

"నేను ఆమె మీద వేయలేదు ఉమా. నాయన అడిగితే ఆమే చెప్పింది, ఎవురికో చెప్పినానని. నేను చేరేసరికే ఊరంతా తెలిసిపోయింది."

"మీరు వేయలేదు. ఆమె ఎత్తుకుంది. మీరు దించలేదు."

"నా సంగతి కూడా చూడు. మోసాల గురించి చెప్పేవాడే మోసపోయినాడంటే ఇంక నన్ను ఎవరు పిలుస్తారు? కాలేజీలో పిల్లలు నవ్విపోరా?"

"నవ్వితే నవ్వనీ. అత్తని చూసి ఎవరూ నవ్వడంల్యా. తిడతాండారు. రెండు రోజుల నుంచి ఆమె నోట్లో ముద్ద పెట్టలేదని మామ చెప్పలేదా మీకు?"

చెప్పాడు. ఇంకొక మాట కూడా చెప్పాడు. పది గంటలకు ముఠావాళ్ళు వక్కాకు వాపసు తెస్తున్నారు. సుగ్గి కుదిరినప్పుడు మేస్త్రీ ఇంటింటికీ వెళ్ళి వక్కాకు ఇస్తాడు. పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టు. వాపసు ఇస్తే ఈ మేస్త్రీని నమ్మమని నలుగురిలో చెప్పినట్టు. హుసేనప్ప ఇరవై ఏళ్ళ మేస్త్రీపనిలో ఎవరూ ఒక్క ఆకు వాపసు ఇవ్వలేదు.

ఉమాదేవి లేచి కొంగు దోపుకుంది. "చొక్కా వేసుకోండి. కోసిగి బస్సు ఇంకా దొరుకుతాది."

బస్సులో ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆమె అడిగినవాటికి అతను నిజమే చెప్పాడు. ఆమె అడగనిది ఒకటి మిగిలిపోయింది. దాన్ని తలుచుకుంటే, లింకు నొక్కడం అసలు తప్పే కాదనిపించింది అతనికి.

* * *

వాళ్ళు చేరేసరికి ఇంటి ముందు పది పన్నెండు మంది ఉన్నారు. ఆడవాళ్ళు కింద, మగవాళ్ళు అరుగు మీద. హుసేనప్ప నులకమంచం మీద ఒక్కడే కూర్చున్నాడు. పక్కన చోటున్నా ఎవరూ కూర్చోలేదు.

ఉచ్చీరమ్మ గడప లోపల గోడకు ఆనుకుని ఉంది. కొడుకును చూసి కళ్ళతోనే "నువ్వెందుకు వచ్చినావు" అంది. ఆమె ఫోన్ గుడ్డలో చుట్టి గూట్లో పెట్టి ఉంది. మూడు రోజులుగా దాన్ని ఆమె ముట్టలేదు.

తిరుపాల్ పళ్ళెం తెచ్చి మంచం మీద పెట్టాడు. అందులో వక్కాకు ఉంది. అతను హుసేనప్ప ముఠాలో మొదటి నుంచీ ఉన్న మనిషి.

"మా మీద కోపం పెట్టుకోవద్దు మేస్త్రీ. ఇంట్లో జొన్నలు పోసిపోవాల, పిల్లోళ్ళని ముసలోళ్ళ కాడ వదిలిపోవాల. అడ్వాన్సు ల్యాకుంటే ఎట్ల పోయేది? వేరే మేస్త్రీ ఇస్తానంటాండాడు."

హుసేనప్ప పళ్ళెం వైపు చూడలేదు. "ఇంకో వారం ఆగండప్పా. మావాడు ఆ పొద్దే సర్కారు నంబరుకి ఫోన్ చేసినాడు. దుడ్డు యాడికి పోయిందో పట్టుకుంటారంట."

"పట్టుకుంటే మంచిదే. పోగొట్టినోళ్ళని ఏమనాల?" అన్నారెవరో వెనక నుంచి. "నోరు ఊరుకోకుంటే ఇంటికి చేటు."

ఉచ్చీరమ్మ ఆ మాట విని కూడా కదలలేదు.

అప్పుడు దేవక్క ముందుకొచ్చింది. వేలిముద్ర మనిషి, కానీ ఊళ్ళో పొదుపు సంఘం ఆమె మాట మీదే నడుస్తుంది. పోయిన నెల లోకేష్ వచ్చి పాఠం చెప్పినప్పుడు అందరికన్నా ముందు కూర్చున్నది ఆమే.

"ఉచ్చీరక్కా, కోపం సేసుకోవద్దు. ఒక మాట అడుగుతా. ఫోన్‌లో వాడు ఏమన్యాడు?"

"బ్యాంకు నుంచి అన్యాడు. నంబరు సదువు అన్యాడు. అంకెలే గదా, సదివినా."

"హిందీలో అన్యాడా, తెలుగులోనా?"

ఉచ్చీరమ్మ కొడుకు వైపు చూసి చూపు తిప్పుకుంది. "తెలుగే."

"యాడి తెలుగు? మన పక్క మాటేనా?"

ఉచ్చీరమ్మ కొంగు సర్దుకుంటూ గోడ వైపు తిరిగింది. గుమ్మడికాయల దొంగ అనకముందే లోకేష్ చేతులు భుజాల మీదికి పోయాయి. దేవక్కకు ఏదో అనుమానం తగిలిందని అతనికి అర్థమైంది. అరుగు మీదున్న స్తంభం పట్టుకున్నాడు.

"అది నేనే దేవక్కా. అమ్మ నంబరు చెప్పింది నాకే."

అందరూ తల తిప్పారు.

"నాకొక మెయిల్ వచ్చింది. నిజమే అనుకుని అన్నీ నేనే కొట్టినా. అమ్మకి ఫోన్ చేసి నంబరు నేనే అడిగినా. అమ్మ తప్పు ఏమీ లేదు."

హుసేనప్ప నోరు తెరిచేలోపే ఉచ్చీరమ్మ గడప దాటి వచ్చింది. మూడు రోజుల తర్వాత అంతమంది ముందుకు రావడం అదే.

"అబద్ధం! నన్ను తిట్టేది వినల్యాక వాడి నెత్తినేసుకుంటాండాడు. ఇంత సదువుకున్నోడు అట్ల సేస్తాడా? మీరే సెప్పండి. మీకందరికీ సెప్పిన పిల్లోడు గదా!"

జనం మెత్తబడ్డారు. ఒకామె కళ్ళొత్తుకుంది. తిరుపాల్ గొంతు సవరించుకుని, "కొడుకంటే ఇట్లుండాల మేస్త్రీ. తల్లి తప్పు తన మీద ఏసుకునేవోడు ఈ కాలంలో యాడుండాడు?" అన్నాడు.

హుసేనప్ప కొడుకు వైపు చూశాడు. ఆ చూపులో గర్వం ఉంది. తండ్రి అలా చూడాలని లోకేష్ చిన్నప్పటి నుంచీ కోరుకున్నాడు. అది ఇప్పుడు, ఇలా దొరికింది.

ఒక్క క్షణం ఊరుకుందామనిపించింది. తను నిజం చెప్పాడు, వాళ్ళు నమ్మలేదు, ఇంక తన బాధ్యత తీరిందని అనుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా స్తంభం వదిలి ముందుకు రాలేదు.

ఉమాదేవి ఫోన్ తీసుకుని మంచం దగ్గరికి వచ్చింది. "మామా, అత్త ఆయన్ని కాపాడతాండాది. ఆయన చెప్పిందే నిజం. మెయిల్ ఇదో."

"నాకేం తెలుస్తాది తల్లీ? సదువు."

"ఆగు ఆగు" అంది దేవక్క. "నేను అడుగుతా, నువ్వు సూసి సెప్పు. అందులో మేస్త్రీ పేరుండాదా?"

"లేదు దేవక్కా. 'ప్రియమైన కస్టమర్' అని ఉంది."

"మన బ్యాంకు వాళ్ళైతే మన పేరు రాస్తారు. ఒకటి. గడువు పెట్టి భయపెట్టినాడా?"

"ఇరవై నాలుగు గంటలని ఉంది."

"రెండు. పంపినోని అడ్రసు అక్షరం అక్షరం సూడు. సరిగ్గుండాదా?"

ఉమాదేవి చూసింది. "బ్యాంకు పేరులో ఒక అక్షరం ఎక్కువుంది. వెనకాల ఇంకేదో పేరు తగిలించినారు."

"మూడు. లింకు నొక్కమన్యాడా?"

"అన్నాడు."

"లింకు నొక్కగూడదు, మనమే యాప్ తెరిచి సూసుకోవాల. ఫోన్‌కి వచ్చిన నంబరు ఎవురికీ సెప్పగూడదు." దేవక్క వేళ్ళు మడుస్తూ లోకేష్ వైపు తిరిగింది. ఆ మాటల్లో వెక్కిరింత లేదు. నేర్చుకున్నది సరిగ్గా ఒప్పజెప్పానా అన్నట్టు చూసింది. "ఇవన్నీ నువ్వు సెప్పినవే గదప్పా?"

"నేను చెప్పినవే."

"మరి నీకెందుకు కనపడల్యా?"

లోకేష్ మంగళవారం సంగతి చెప్పబోయి మానుకున్నాడు. ఇంతమంది ముందు అది వట్టి సాకులా ఉంటుంది.

హుసేనప్ప మంచం కోడు పట్టుకుని లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "నువ్వు అడిగినప్పుడు మీయమ్మ ఏమనింది?"

"నాయనా..."

"ఏమనింది?"

"'ఎవురికీ సెప్పొద్దంటివి గదా లోకేసూ' అనింది." "నేను కసురుకున్నా. 'నాకు గాక ఎవరికి చెప్తావు, క్లాసుకి టైమైతాంది, బిన్నే చదువు' అన్నా."

ఒకరిద్దరు ఉచ్చీరమ్మ వైపు చూడలేక నేల చూశారు. ఇందాక వెనక నుంచి మాట విసిరిన మనిషి జనంలోంచి మెల్లగా పక్కకు తప్పుకున్నాడు.

తిరుపాలే ముందు తేరుకున్నాడు. "సర్లే మేస్త్రీ. తప్పు ఎవురికైనా జరుగుతాది. ఒప్పుకున్యాడు, అంతే సాలు. సదువుకున్నోడు మన ముందర తల వంచుకుని నిలబడినాడు. ఇంకేం కావాల?"

ఉచ్చీరమ్మ కొడుకు పక్కకు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. లోకేష్‌కి ఏడుపు ఆగలేదు. మూడు రోజుల బరువు దిగిపోతున్నట్టే ఉంది, కానీ పూర్తిగా దిగలేదు. తను చెప్పనిది ఇంకా లోపలే ఉంది. ఈ క్షమించడం అయిపోయి అందరూ ఇళ్ళకు పోతే బాగుండుననుకున్నాడు.

దేవక్క మాత్రం కదల్లేదు. ఆమె ఒక వేలు ఇంకా మడవలేదు.

"అసలుది మర్సిపోయినాం. మోసమని తెలిసిన గంటలోపల ఆ సర్కారు నంబరు పందొమ్మిది ముప్పైకి ఫోన్ సేస్తే, దుడ్డు యాడుంటే ఆడ ఆపుతారంటివి. నువ్వు ఆ పొద్దే సేసినావంట గదా. వాళ్ళిచ్చిన నంబరు సెప్పు. మనమందరం ఆదోనికి పోయి అడుగుదాం."

లోకేష్ ఉమాదేవి వైపు చూశాడు. ఆమె ముఖంలో రంగు మారింది. నిన్న బ్యాంకాయన ఫిర్యాదు నంబరు అడిగితే, ఇంకా మెసేజ్ రాలేదని భర్త చెప్పడం ఆమెకు గుర్తొచ్చినట్టుంది.

"చేసినారు గదా?" అందామె.

"సేసినాడు" అంది ఉచ్చీరమ్మ వెంటనే. "ఆ పొద్దు మాపునే సేసినాడు. నా ముందరే..."

చెబుతూ కొడుకు ముఖంలోకి చూసింది. మాట సగంలో ఆగిపోయింది.

"సేయలేదా, లోకేసూ?"

"లేదమ్మా."

"ఏమిటికి?"

"చేస్తే అడుగుతారు. మెయిల్ ఎవరు తెరిచినారు, నంబరు ఎవరికి చెప్పినారు అని. అన్నీ బయటపడతాయని..."

హుసేనప్ప తల పట్టుకున్నాడు. అరుగు మీద మగవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. తిరుపాల్ ఏదో అనబోయి మానుకుని పళ్ళెం వైపు చూశాడు. ఉమాదేవి అప్పటికే నంబరు నొక్కి ఫోన్ చెవికి పెట్టుకుంది. అవతల గంట మోగుతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని ఆమెకు తెలుసు. అయినా పట్టుకోక తప్పదు.

ఉచ్చీరమ్మ కొడుకు భుజం మీద నుంచి చెయ్యి తీసేసింది. ఆమెకు కోపం వచ్చినట్టు లేదు. మూడు రోజుల్లో ఎవరెంత తిట్టినా కారని కన్నీళ్ళు ఇప్పుడు కారుతున్నాయి.

"నేను నింద మోస్తే, నువ్వు ఆ పని సూసుకుంటావనుకుంటి నాయనా" అంది.

ఇంకేమీ అనకుండా ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. అవతల ఎవరో ఫోన్ ఎత్తారు. మోసం జరిగి ఎంతసేపయిందని అడిగారు. ఉమాదేవి ఫోన్‌ని భర్త చేతికిచ్చింది.